బాగా మానిన గుండె

“వీడు ఇంత బాగుండటం నాకేం బాగోలేదు.”

పొంగబోతున్న పాలగిన్నె కేసి చూస్తూ అమ్మ పైకే అనేసింది. వినడానికి వంటగదిలో ఎవరూ లేరు. అన్నాక తనకే భయమేసి, పొయ్యి ఆపి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కన్నకొడుకు కోలుకుంటే ఏడ్చే తల్లి ఎక్కడైనా ఉంటుందా?

పోయిన వారం మనం మెట్ల దగ్గర ఆగాం. ఆరు నెలలుగా నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడిపోయే చిన్నాడు, నాలుగో అంతస్తు దాకా ఈల వేసుకుంటూ ఎక్కొచ్చి, తలుపు తీసిన తల్లిని అమాంతం ఎత్తి గిర్రున తిప్పాడు. జ్వరం ముదిరి వాడి గుండె కండ కొంత చచ్చిపోయిందనీ, చచ్చిన కండ మళ్ళీ పుట్టదనీ, మిగిలిన కండే బరువంతా మోస్తూ ఉబ్బిపోతోందనీ చెప్పిన ఆసుపత్రి డాక్టరు, కొత్తగా తీసిన ఫొటో చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. “ఇదెలా జరిగిందో నాకు తెలీదమ్మా. కానీ సంతోషం” అన్నాడు. అందరూ ఆ రెండో మాట విన్నారు. అమ్మకు మాత్రం మొదటి మాటే చెవిలో ఉండిపోయింది.

ఆమె మనసు తీరే అంత. పిల్లలు తుమ్మితే ఊపిరితిత్తులు, ఆలస్యంగా వస్తే లారీ, ఫోను మోగితే చావుకబురు. ముందు అక్కడి దాకా పరిగెత్తి వెళ్ళి, అక్కడేమీ లేదని చూసుకుని, ఆనక నెమ్మదిగా ఇంటికి వచ్చేది. గుండె పెద్దదైందని డాక్టరు చెప్పిన రోజు ఒక్కటే ఆమె భయపడాల్సిన చోట భయపడలేదు. పెద్ద గుండె అంటే గట్టి గుండె అనుకుని, ఆసుపత్రి గేటు దాటేదాకా మురిసిపోయింది. పెద్దది, చిన్నాడి అక్క, అసలు సంగతి చెప్పాక, ఆ మురిసిపోయిన కాస్త దూరానికి ఎన్ని రాత్రులు తనను తాను తిట్టుకుందో.

“ఎవరితోనమ్మా మాటలు? పాలతోనా?” తల తుడుచుకుంటూ చిన్నాడు వంటగదిలోకి వచ్చాడు.

“పాలే నయంరా. చెప్పింది వింటాయి. పొంగొద్దంటే ఆగాయి.”

“నువ్వు పొయ్యి ఆపితే ఆగాయి. అది వినడం కాదు, గతిలేక.” వాడు నిలబడే రెండు కోడిగుడ్లు మింగి, రొట్టెముక్క నోట్లో కుక్కుకున్నాడు. బుగ్గలు నిండాయి. మెడ దగ్గర ఎముకలు కనపడటం మానేశాయి. లిఫ్టులు బాగుచేసే జట్టులో వాడి పని. లిఫ్టు లేని ఇంట్లో నాలుగో అంతస్తులో ఉంటున్నాడని తోటివాళ్ళంతా ఏడిపించేవాళ్ళు. జబ్బు పడ్డాక ఆ ఏడిపింపులు ఆగిపోయాయి. అదే వాడికి అన్నిటికంటే బాధ. ఇవాళ మళ్ళీ పనిలో చేరుతున్నాడు.

“ఇవాళే వెళ్ళాలా? ఇంకో వారం ఆగరాదూ?”

“ఇంకో వారం ఆగితే నన్ను కాళ్ళ మీద వేసుకుని లాలపోసేట్టున్నావ్.”

“పోస్తాను. అందులో తప్పేముంది?”

“కాళ్ళు విరుగుతాయి, నావి కాదు, నీవి!” అంటూ తల్లి తల మీద ఒక్కటి చరిచి, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఆమె గుమ్మంలో నిలబడి, మెట్ల మీద వాడి అడుగుల చప్పుడు వింది. దిగడం లేదు, దూకుతున్నాడు. ఆ చప్పుడు ఎక్కడైనా ఒక్కసారి ఆగితే ఆమె ఊపిరీ అక్కడే ఆగేది. ఆగలేదు. కింద వీధి తలుపు ధడాలున పడింది.

బట్టలు ఉతుకుతుంటే, జబ్బు రోజుల్లో తొడుక్కుని వాడు మంచం కింద కుక్కేసిన తెల్లచొక్కా చేతికి తగిలింది. మోచెయ్యి మడతపడే చోట, లోపలి వైపు, చిన్న మరక. ఊదారంగు. సబ్బు వేసి రుద్దింది. పలచబడింది కానీ పోలేదు. ఆ రంగు ఆమెకు కొత్త కాదు. రోజూ పని దగ్గర చూసేదే. తన వేళ్ళ నుంచే అంటుకుని ఉంటుందిలే అనుకుని, పిండి, తీగ మీద ఆరేసి, పరుగులాంటి నడకతో పనికి బయలుదేరింది.

ఆమె పని ఒక పరిశోధన కేంద్రం వెనక వైపున్న గొర్రెల షెడ్డులో. తల్లికి దూరమైన పిల్లలకు సీసాతో పాలు పట్టడం. అందుకే అక్కడ ఆమెను అందరూ సీసాలమ్మ అంటారు. ఆ పని ఇప్పించింది పెద్దది. పెద్దది ఆ కేంద్రంలోనే, ఎదురుగా ఉన్న అద్దాల మేడలో, గుండె కణాల మీద పరిశోధన చేస్తుంది. పేరు ముందు డాక్టరు అని ఉంటుంది కానీ ఒక్క రోగిని చూడదు. “జ్వరానికి మాత్ర అడిగితే ఆసుపత్రికి వెళ్ళమనే డాక్టరు” అని చిన్నాడి వెక్కిరింపు. గేటు లోపల మాత్రం కూతుర్ని మేడమ్ అనాలి. మొదటి రోజు అలవాటు లేక, “ఒసే పెద్దదానా, గొడుగు మర్చిపోయావే” అని ఆవరణంతా మోగేలా అరిచిందట. ఆ కథ ఇప్పటికీ అక్కడ టీ తాగేటప్పుడు నడుస్తుంది.

ఇవాళ టీ దగ్గర ఎవరూ లేరు. షెడ్డు చివరి అర ముందు గుమికూడి ఉన్నారు. అమ్మ మనుషుల్ని తప్పించుకుని ముందుకు వెళ్ళింది.

నల్లచెవిది పడిపోయి ఉంది.

పుట్టిన రోజు నుంచీ ఆమె సీసా పట్టి పెంచిన గొర్రె అది. ఒళ్ళంతా తెలుపు, ఒక్క చెవి నలుపు. నిన్న సాయంత్రం కూడా ఆమె జేబులో మూతి పెట్టి వెతికింది. ఇప్పుడు పక్కకి ఒరిగి, కాళ్ళు చాపి ఉంది. నోట్లో గడ్డి అలాగే ఉంది. నమలడం సగంలో ఆగిపోయింది.

“జబ్బు చేసిందా? నురగ లేదు, ఉబ్బరం లేదు” అంటున్నాడు మేత వేసే అతను. “తింటూ తింటూ పడిపోయింది. మొన్న పడిపోయిన దానిలాగే.”

మొన్న ఒకటి పోతే ఎండ దెబ్బ అన్నారు. ఇవాళ ఎండ లేదు. మబ్బు పట్టి, గాలి కదలకుండా ఉంది.

పశువుల డాక్టరు వచ్చాడు. చచ్చిన జీవాల్ని కోసి కారణం చెప్పడం ఆయన పని కాబట్టి కోతసారు అని పేరు పడిపోయింది. ‘నా పేషెంట్లు ఎంత మంచివాళ్ళంటే, కోసినా కుయ్‌మనరు’ అని రోజూ ఒకే జోకు వేసి, రోజూ తనే నవ్వే మనిషి. ఇవాళ జోకు లేదు. గొర్రెను కోతగదికి మోయించి, అందర్నీ పొమ్మని, వెనక్కి తిరిగి, “సీసాలమ్మా, నువ్వుండు. లైటు పట్టుకోవాలి. కళ్ళు తిరుగుతాయా?” అన్నాడు.

“ఇద్దర్ని కన్నదాన్ని సారూ, రక్తానికి తిరగవు. మీరు జోకు వెయ్యకపోతేనే తిరుగుతున్నాయి.”

ఆయన కత్తి అందుకున్నాడు. కోశాడు. చాలాసేపటికి రెండు చేతుల్లోనూ గుండె పట్టుకుని లైటు కిందికి తెచ్చాడు. వేలితో ఒకచోట నొక్కాడు.

“ఇక్కడ చూడు. ఇక్కడ తెల్లగా, గట్టిగా, చెప్పుకి వేసిన అతుకులాంటి మచ్చ ఉండాలి. గుండెకి దెబ్బ తగిలితే మిగిలేది అదే. దీనికి ఆ దెబ్బ తగిలించింది మనమే. దెబ్బ తగిలాక మందు ఎక్కించాం. ఏదీ, మచ్చ ఎక్కడుంది?”

అమ్మ వంగి చూసింది. అంతా ఒకటే ఎరుపు. అతుకు లేదు, గీత లేదు.

“లేదు సారూ.”

“లేదు. ఇంత బాగా మానిన గుండెని నా సర్వీసులో చూడలేదు. మొన్నటిది కూడా ఇంతే. ఇంత మంచి గుండె ఉన్న జీవి ఎందుకు చచ్చిందంటే ఏం చెప్పమంటావ్?”

చెప్పమని ఆమె అడగలేదు. కానీ ఆయనకి ఎవరితోనో ఒకరితో చెప్పుకోవాలని ఉన్నట్టుంది. గుండెని పళ్ళెంలో పెట్టి, స్టూలు మీద కూలబడ్డాడు.

“పిల్ల గుండెలో కణాలు మొదట్లో చీలుతూ ఉంటాయి. ఒకటి రెండు, రెండు నాలుగు. ఎలుకపిల్లకైతే పుట్టాక కూడా వారం దాకా ఆ సందడి ఉంటుంది. ఆ వారంలోపు దాని గుండెకి గాయం చేసినా, చేసినట్టే తెలీకుండా మానిపోతుంది. వారం దాటితే అయిపోయింది, ఇక చీలవు. గొర్రెపిల్లకి ఆ ముచ్చట చాలావరకు తల్లికడుపులోనే తీరిపోతుంది. తర్వాత గుండె పెరగదా అంటే పెరుగుతుంది. కణాలు ఎక్కువై కాదు, ఉన్న కణమే లావై, పొడుగై. నువ్వు సీసా పట్టిన కూన ఇంత గొర్రె అయింది చూడు, దాని గుండె ఆ ఉన్నవాటితోనే ఇంతయింది.”

“చీలడం ఎందుకు మానేస్తాయి? మానకుండా ఉంటే చచ్చిన కండ మళ్ళీ వచ్చేది కదా!” ఆమె అడుగుతోంది గొర్రె గురించి కాదు.

“పని మీద పడుతుంది కదమ్మా! కడుపులో ఉన్నన్నాళ్ళూ సగం పని తల్లి చేసిపెడుతుంది. బయటపడ్డాక అంతా సొంతం. సెలవు లేని ఉద్యోగం. కణం రెండుగా చీలాలంటే తన లోపలి సరంజామా విప్పి పక్కన పెట్టుకోవాలి. విప్పుకుని కూర్చుంటే గుండె కొట్టేదెవరు? అందుకని చిన్నతనం వదిలేసి పనిలో దిగిపోతాయి. మన మందు లోపలికి వెళ్ళి, మళ్ళీ పసివాళ్ళు అయిపోండి అని వాటికి చెప్తుంది. అయిపోయాయి. మచ్చ మాయమైంది. మనం చప్పట్లు కొట్టాం.” ఆయన గొంతు తగ్గించాడు. “ఇక చాలు, ఆగండి అని చెప్పేవాళ్ళు లేరు. పెద్ద కణాలన్నీ ఒక్క మాట మీద కొట్టుకుంటాయి. పసికణానికి ఆ మాట వినపడదు, దాని తాళం దానిది. ఒకే గుండెలో రెండు తాళాలు పడితే...”

గొర్రెల నడుముకి కట్టే, గుండె కొట్టుకోవడాన్ని గీసే పెట్టె నుంచి తీసిన కాగితం చుట్టని ఆయన బల్ల మీద విప్పాడు. ఒకే రకం కొండలు, ఒకే రకం లోయలు, ముద్దుగా, వరసగా. ఉన్నట్టుండి పసిపిల్ల పెన్సిలు పట్టి కెలికినట్టు గజిబిజి. ఆ తర్వాత తిన్నని గీత.

“ముందు ఏ నలతా ఉండదా సారూ? ఆయాసం గానీ, నొప్పి గానీ?”

“ఏమీ ఉండదు. పడేదాకా మనందరికంటే ఆరోగ్యంగా ఉంటాయి. మెట్లెక్కించు, పరుగెత్తించు.” ఆయన చేతులు కడుక్కోవడానికి లేచాడు. “ఒక్కటే తెలిసింది. వేసిన వరసలోనే పడుతున్నాయి. ముందు వేసినది ముందు. మొన్నటిది మొదటిది. ఇది రెండోది. మూడోదాన్ని ఇవాళ్టి నుంచి కళ్ళలో వత్తులేసుకుని కాపలా కాయాలి.”

ఆమె చేతిలోని లైటు పక్కకి వంగింది. వెలుతురు గొర్రె మెడ మీదికి జారింది. ఉన్ని గొరిగిన చోట, సూది దిగిన నరం మీద, రూపాయి బిళ్ళంత ఊదా మరక.

ఆ షెడ్డులో అదొక కట్టుబాటు. సూది వేసినవాళ్ళు చెయ్యి తీసే లోపు ఆ చోట ఊదా మందు అద్ది తీరాలి. లేకపోతే ఏ గొర్రెకి వేశారో తెలీక ఒకదానికే రెండుసార్లు వేసే ప్రమాదం. కొత్తగా చేరినవాళ్ళకి ‘దూది, సూది, ఊదా’ అని పాటలా నేర్పిస్తారు. నేర్చుకున్న చేతికి ఇక చెప్పక్కర్లేదు, దానంతటదే అద్దేస్తుంది.

అమ్మ తన వేళ్ళ వంక చూసుకుంది. ఈ బట్టలు గేటు దాటవు. ఇక్కడే విప్పి, ఇక్కడే ఉతకడానికి ఇచ్చి, గోళ్ళ సందుల దాకా బ్రష్షుతో తోముకుని స్నానం చేశాకే బయటికి పంపుతారు. ఇన్నేళ్ళలో ఆమె ఒంటి మీద ఈ రంగు ఇంటికి వెళ్ళింది లేదు. మరి తెల్లచొక్కా మడతలోకి ఎలా వెళ్ళింది? సరిగ్గా నరం ఉండే చోటికి?

గొర్రెలకు సూది వేసేది ఎవరో ఆమెకు తెలుసు. ఆ వేళ్ళు సన్నగా ఉంటాయి. గోళ్ళు కొరుక్కునే అలవాటు చిన్నప్పటి నుంచీ పోలేదు.

“సారూ, ఈ మందు మనుషులకి...”

“మనుషులకా!” ఆయన కుళాయి కట్టేశాడు. “ఇంకా ఎన్నేళ్ళు పడుతుందో. ఇప్పుడు ఎవరికైనా ఎక్కిస్తే దాన్ని వైద్యం అనరు సీసాలమ్మా.”

“ఏమంటారు?”

ఆయన తువ్వాలు అందుకున్నాడు. ఆ మాట వినపడనట్టే చేతులు తుడుచుకున్నాడు.

అద్దాల మేడలోకి షెడ్డు మనుషులు సరాసరి వెళ్ళకూడదు. ఒంటి మీది గొర్రె వాసన, సూక్ష్మజీవులు అన్నీ వదిలించుకుని వెళ్ళాలి. ఆమె స్నానాల గదిలో షవరు కింద నిలబడి, నీళ్ళు పడుతున్నాయో లేదో కూడా తెలీకుండా సబ్బు రుద్దుకుంది. మోచెయ్యి మడతలో రుద్దినచోటే రుద్దుతూ ఉండిపోయింది. నేను ఊరికే భయపడుతున్నాను, ఎప్పటిలాగే ఊరికే. పెద్దది నవ్వుతుంది. ‘నీ తలకాయ’ అంటుంది. అనాలి. ఇవాళ ఒక్కరోజు నన్ను వెర్రిదాన్ని చెయ్యి తల్లీ, ఇంకెప్పుడూ ఏమీ అడగను. తడిజుట్టు ముడి వేసుకుని, జాకెట్టు గుండీలు తప్పుగా పెట్టుకుని, ఆవరణ దాటింది.

కణాల గది చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. యంత్రాల సన్నటి రొద తప్ప మరేం లేదు. పెద్దది ఒక తెర ముందు నిలబడి ఉంది. పక్కన ఒక కుర్ర స్కాలరు.

“మేడమ్, ఒక్క మాట” అంది అమ్మ.

ఆ గొంతు వినగానే కుర్రవాడు తల్లిని, కూతుర్ని మార్చి మార్చి చూసి, గాజుపళ్ళేలేవో తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

తెర మీద ఎలుకపిల్లల గుండె కణాలు. పుట్టీ పుట్టగానే తీసి గాజుపళ్ళెంలో పెంచుతున్నవి. ఎవరి ఒంట్లోనూ లేకుండా, ఎవరి కోసమో తెలీకుండా, ముడుచుకుని విచ్చుకుంటున్నాయి. గుంపంతా ఒక్కలాగా కదులుతోంది. ఒక మూల కొన్ని మాత్రం వేరే కదులుతున్నాయి. అమ్మ వాటి మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

“నల్లచెవిది పోయింది” అంది.

“తెలుసమ్మా. ఇప్పుడే ఫోను చేశారు.”

“చిన్నాడి చొక్కా ఉతికాను. మోచేతి దగ్గర ఊదా ఉంది.”

పెద్దది నవ్వలేదు. ‘నీ తలకాయ’ అనలేదు. చేత్తో వెనక్కి తడుముకుని స్టూలు అందుకుని కూర్చుంది. అంతే, అమ్మకు అంతా తెలిసిపోయింది.

“గుర్తు పెట్టావా వాడికి? గొర్రెకి పెట్టినట్టు, నీ తమ్ముడికి గుర్తు పెట్టావా?”

“అలవాటమ్మా... సూది తీసేసరికి చెయ్యి దానంతటదే... తుడిచాను. వాడు గమనించలేదు.”

“వాడికి తెలుసా, అదేం మందో?”

“బలానికి అని చెప్పాను.”

“బలానికి!” అమ్మ గొంతు ఆ చల్లటి గదిలో విచిత్రంగా మోగింది. “నన్నెందుకు అడగలేదే?”

“అడిగితే ఒప్పుకునేదానివా? కొత్త బల్బు పెడితే పేలుతుందని పక్కగదిలో నిలబడే మనిషివి!”

“అట్లా పక్కగదిలో నిలబడి నిలబడే మీ ఇద్దర్నీ ఇంతదాకా తెచ్చాను.”

“తెచ్చావు. మరి ఆ తర్వాత? వాడు నాలుగు మెట్లెక్కి కూర్చుని, నన్ను చూసి నవ్వేవాడమ్మా. ఏడిస్తే భరించేదాన్ని. ‘అక్కా, నువ్వు వెళ్ళు, నేను చుట్టుపక్కల చూసుకుంటూ వస్తా’ అనేవాడు. మెట్ల గోడలో చూడ్డానికి ఏముంటుంది? అదే మరక, అదే సున్నం. ఆసుపత్రివాళ్ళు వాడికి ఎన్నాళ్ళుందో నీకు చెప్పలేదు. నాకు చెప్పారు.” పెద్దది గోరు నోటి దగ్గరికి తెచ్చి, మళ్ళీ దించేసింది. “నా చేతుల్లో మందుంది. గొర్రెలు లేచి గెంతుతున్నాయి. ఎట్లా ఊరుకోను?”

 ఆ మెట్ల మీద వాడి పక్కన అమ్మా కూర్చుంది ఎన్నోసార్లు. తన చేతుల్లో మందు ఉండి ఉంటే? ఆ ప్రశ్నని ఆమె దగ్గరికి రానివ్వలేదు.

“తీసెయ్యి. ఎక్కించినదాన్ని తీసెయ్యి.”

“తీసేది కాదమ్మా అది. చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోతుంది. విన్న కణాలు మాత్రం మిగులుతాయి.”

“ఆపమని చెప్పే మందు?”

“వెతుకుతున్నాను.” తెర కేసి చూపించింది. మూలనున్న గుంపు వేరే తాళంలో కొట్టుకుంటూనే ఉంది. “వీటి మీద. ఇంకా దొరకలేదు.”

“వాడు ఇవాళ లిఫ్టు గోతిలో ఉంటాడే! తాడు పట్టుకుని వేలాడుతూ ఉంటాడు!” అమ్మ బల్ల మీది ఫోను తీసి కూతురి చేతిలో పెట్టింది. “ఫోను చెయ్యి. ముందు ఫోను చెయ్యి.”

మోగింది. మోగుతూనే ఉంది. ఆ కాసేపట్లో అమ్మ మనసు ఎప్పటిలాగే అన్నిటికంటే చెడ్డచోటికి పరిగెత్తింది. ఈసారి అక్కడ ఏమీ లేదని చూసుకుని తిరిగి రావడానికి లేదు.

“ఏంటక్కా, పనివేళలో?” చిన్నాడి గొంతు ఫోనులోంచి గదంతా నిండింది. వెనక ఇనుము చప్పుళ్ళు. “అమ్మ పంపిందా నీ చేత? ఏడు అంతస్తులు నడిచి ఎక్కానని చెప్పు. మావాళ్ళంతా రొప్పుతున్నారు, నేను ఒక్కణ్ణే ఈల!”

“ఒరేయ్, విను. దిగు. గోతిలోకి వెళ్ళకు. ఎక్కడున్నావో అక్కడే కూర్చో. నేను వస్తున్నాను.”

“ఏమైంది? అమ్మకేమైనా...”

“అమ్మ బాగుంది. నా పక్కనే ఉంది. కూర్చోరా బాబూ, ఒక్కసారి అక్క మాట విను.”

“సరే, కూర్చుంటాలే” అని నవ్వాడు వాడు. “మీ ఆడవాళ్ళ భయాలకి మా మేస్త్రీ జీతం కోస్తాడు.” ఫోను పెట్టేశాడు.

 పెద్దది కోటు విప్పి, సొరుగు లాగి బండి తాళాలు తీసింది. అమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

“వేసిన వరసలో పడుతున్నాయన్నాడు కోతసారు. వాడికి ఎప్పుడు వేశావ్?”

“నల్లచెవిదానికి వేసిన నెల దాటాక.”

నెల. అమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఆ ఒక్క మాటనీ రెండు చేతులతో పట్టుకుంది. నెలంటే తక్కువా? నెలలో ఏదైనా దొరకొచ్చు. పెద్దాసుపత్రిలో పెట్టించి, పొద్దస్తమానం గుండె చూస్తూ ఉండమనొచ్చు. తన కూతురు నిద్ర మానేసి వెతుకుతుంది, తను వాడి పక్కనే కూర్చుంటుంది. ఇంకా టైముంది. కోపం అప్పుడు వచ్చింది ఆమెకు, భయానికి కాస్త సందు దొరికాక.

“ఒక్కటి చెప్పు నాకు. చిన్నప్పుడు వాడికి వేడి అన్నం పెట్టాల్సొస్తే ముందు నీ నాలిక మీద వేసుకుని చూసి పెట్టేదానివి. అంత చూసుకునే దానివి, ఇంకా ఏ మనిషికీ ఎక్కించని మందుని, ఏమవుతుందో ఎవరికీ తెలీని మందుని, ఏ ధైర్యంతో ఎక్కించావే వాడికి? ఏ నమ్మకంతో?”

పెద్దది రెండో చేత్తో సొరుగు మూసింది.

“నిన్నే. చెప్పు.”

తాళాలు ఆమె చేతిలో కదలకుండా ఉన్నాయి. తల వంచుకుని, తల్లి వేళ్ళు చుట్టుకున్న తన మణికట్టు వైపే చూస్తోంది. తెర మీద కణాలు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. ఎక్కడో యంత్రం ఒకటి ఆగి, మళ్ళీ మొదలైంది. తలుపు అవతల కుర్రవాడి నీడ వచ్చి, లోపలికి రావాలా వద్దా అని తచ్చాడి, వెళ్ళిపోయింది. తన వేళ్ళ కింద కూతురి నాడి కొట్టుకోవడం అమ్మకు తెలుస్తూనే ఉంది. అది తన కంగారేమో అనుకుని, కాస్త పట్టు సడలించి, మళ్ళీ పట్టుకుని చూసింది.

 చివరికి పెద్దది తలెత్తింది. గొంతు మామూలుగానే ఉంది. ఏదో ఇంటి పని అయిందని చెప్తున్నట్టుంది.

“నల్లచెవిదానికి వేసిన రోజే, అదే మందులోంచి తీసి ముందు నాకు వేసుకున్నానమ్మా. నెల చూశాను. నాకేం కాలేదు. అప్పుడే వాడికిచ్చాను.”